ఐదో శుక్రవారం టేపు

బయట చీటీ మీద శుక్ర-5 అని ఉంది, లోపలి పేరు మాత్రం శుక్ర-3 అని తెర మీదికి వచ్చింది, ఆ రెండింటి మధ్యా ఆమె వేలు కీ మీద ఆగిపోయింది. ఒక్క క్షణమే. ఆ తర్వాత నొక్కేసింది, చదువు తల్లీ, పేరుదేముంది, లోపల ఏముందో చదివి చెప్పు అనుకుంటూ. టేపు యంత్రం గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి, ఆ పైన సన్నగా ఈల వేస్తూ తిరగసాగింది. మొదట్నుంచి చివరిదాకా చదివి, ఉన్న ఫైళ్ల పేర్లు చూపించడానికి దానికి గంట పడుతుంది. అప్పటికి సాయంత్రం అవుతుంది. సాయంత్రం అయితే ఈ వారపు బ్యాకప్ అంతా ఇదే టేపు మీద రాయాలి, ఈ నెలకి ఐదు శుక్రవారాలు వచ్చాయి, ఇవాళ ఐదోది. రాశాక ఇక వెతకడానికి ఏమీ ఉండదు. ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, చల్లటి గదిలో చున్నీ భుజాల చుట్టూ కప్పుకుని, కింద స్కూటర్ల దగ్గర నిలబడి ఉన్న తన మనిషిని తలచుకుంది. పైకి రమ్మంటే రానన్నాడు. ఆ మెట్లు ఎక్కలేనన్నాడు. దొరికితే ఫోన్ చెయ్యి, దొరక్కపోతే నువ్వే కిందికి వచ్చెయ్యి అన్నాడు. ఎంత తెలివిగా చెప్పాడు, దొరకలేదన్న మాట ఫోన్లో వినక్కర్లేకుండా.

పేరు తప్పు పడటం కొత్తేమీ కాదు, ఎప్పుడో ఎవరో కొత్త టేపుకి మొదటిసారి లోపలి పేరు రాసేటప్పుడు ఐదుకి బదులు మూడు కొట్టి ఉండొచ్చు, ఈ గదిలో ప్రతి టేపుకీ రెండు పేర్లు కదా, ఒకటి మనుషులు చదువుకోవడానికి వీపు మీద అంటించింది, ఇంకొకటి యంత్రం చదువుకోవడానికి టేపు మొదట్లోనే రాసింది, యంత్రం రెండోదాన్నే నమ్ముతుంది. మూడో పేరు కూడా ఉంది, ఇక్కడ తనకంటే ముందునుంచీ పనిచేసే టేపుల బాబాయి పెట్టింది. సోమవారం నుంచి గురువారం దాకా తిరిగేవి కొడుకులు, శుక్రవారం టేపులు తండ్రులు, నెలాఖరుది తాత. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఆయన అలమర తెరిచి ఇది కొడుకు, ఇది తండ్రి, ఇది తాత అని చూపిస్తుంటే ఆమె నవ్వాపుకోలేక, మరి అక్కలు లేరా బాబాయ్ అని అడిగింది. అక్కలుంటే ఇన్ని టేపులెందుకమ్మా, వాళ్లకి అన్నీ గుర్తుంటాయి అన్నాడాయన. ఆ రోజు ఎంత నవ్విందో. ఆ మాట ఇంటికెళ్లి చెబుదామంటే అప్పటికింకా పెళ్లి కాలేదు, చెప్పడానికి అతను లేడు. ఇప్పుడు అతనున్నాడు, చిన్న చిన్న మాటలన్నీ దాచుకుని వెళ్లి చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు, కానీ ఈ ఒక్క జోకూ చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

అతని అక్క, తనకి వదిన, ఒకప్పుడు ఈ భవనంలోనే, రెండంతస్తుల కింద, గోడలకి మెత్తటి పరుపు కొట్టిన ఆ చిన్న గదిలో కూర్చుంది. గొంతు తీసేసే ఆపరేషన్‌కి వెళ్లే ప్రతివాళ్లనీ ముందురోజు అక్కడ కూర్చోబెట్టి మాట్లాడించి ఆ గొంతు రికార్డు చేస్తారు, అది ఈ ఆస్పత్రి పద్ధతి. ముందు ఒక కాగితం చదవమంటారు, కిటికీ గురించీ వాన గురించీ నాలుగు వాక్యాలు, అందరికీ అదే. తర్వాత మీ ఇంట్లోవాళ్లని ఎలా పిలుస్తారో అలా పిలవండి అంటారు. పిలిచే పిలుపులోనే అసలు గొంతు ఉంటుందని మాటల డాక్టరమ్మ నమ్మకం. వదిన ఆ రోజు ఎవర్ని పిలిచి ఉంటుంది? ఇంట్లో ఉన్నది ఒక్క తమ్ముడే. తల్లి పోయిన దగ్గర్నుంచి అన్నం కలిపి పెట్టి, జుట్టు దువ్వి, పరీక్షల రోజుల్లో తెల్లారకుండానే తట్టి లేపి, పెద్ద చేసిన తమ్ముడు. ఆవిడ బస్సు కండక్టరు, వెనక సీటులో నిద్రపోతున్నవాడు కూడా ఉలిక్కిపడి టికెట్టు తీసే గొంతని అతను చెబుతాడు. చెబుతాడు, అంతే. ఆమె వినలేదు. సంబంధం కుదిరేనాటికే వదిన మెడ దగ్గర చిన్న రుమాలు, మాటలకి బదులు చేతులు, నాలుకతో చేసే టక్కు, బల్ల మీద ఉంగరంతో కొట్టే చప్పుడు. ఒకసారి కొడితే రా అని, రెండుసార్లయితే సరే అని, గబగబా కొడితే ఇక చాల్లే నీ వేషాలు అని. ఆ భాష ఆమెకి ఎంత తొందరగా వచ్చిందో అందరూ ఆశ్చర్యపోయారు. పెళ్లయిన మొదటి వారంలోనే వదినా తనూ వంటింట్లో నిలబడి ఆ టకటకల్లో అతని గురించి చెప్పుకుని నవ్వుకునేవాళ్లు, వదిన నవ్వుకి కూడా చప్పుడుండేది కాదు, భుజాలు మాత్రం ఎగిరిపడేవి. నా గురించే కదా అని అతను తలుపు దగ్గర నిలబడి అడిగేవాడు. వదిన గబగబా కొట్టేది.

వదిన ఎన్ని రోజులుందని. పెళ్లి వంటకాల వాసన ఇంకా ఇంట్లోంచి పోలేదు, జ్వరం అన్నారు, ఆస్పత్రి అన్నారు, జబ్బు మళ్లీ తిరగబెట్టిందన్నారు, ఇక లేదన్నారు. ఇంట్లో సగం దండలు పెళ్లివీ సగం చావువీ అయ్యాయి. చుట్టాలు మొహం ఏం పెట్టాలో తెలియక గుమ్మంలో ఒక మొహం, గదిలో ఒక మొహం పెట్టారు. ఆమెకీ అంతే, పొద్దున్న బ్రష్షుల గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని ఉండటం చూస్తే ఇప్పటికీ ఒళ్లు జల్లుమంటుంది, మీరు నుంచి నువ్వుకి దిగిన రోజు గుర్తొస్తే ఆఫీసులో ఒంటరిగా నవ్వొస్తుంది, అంతలోనే ఆ నవ్వుకి సిగ్గేస్తుంది, ఆ గ్లాసులో మొన్నటిదాకా మూడో బ్రష్షు ఉండేది కదా అని. సంతోషంగా ఉండటం కూడా దొంగతనంలా చేయాల్సి వస్తోంది. ఆ మధ్య ఒక ఆదివారం డాబా మీద బట్టలు ఆరేస్తున్నారు, దుప్పటికి అటు కొస తనూ ఇటు కొస అతనూ పట్టుకుని పిండుతున్నారు, ఎవరు గట్టిగా మెలితిప్పుతారో అని పందెం, తనే గెలుస్తోంది, ఉన్నట్టుండి అతను తన కొస వదిలేశాడు. దుప్పటి తడి నేల మీద పడింది. ఏమైందంటే, అక్క గొంతు గుర్తు రావడం లేదు అన్నాడు. మాటలు గుర్తున్నాయి, ఎప్పుడేమందో గుర్తుంది, గొంతే రావడం లేదు. తలుచుకుంటే బల్ల మీద కొడుతోంది. చిన్నప్పుడు నన్ను తిట్టిన తిట్లు కూడా టకటకమని కొడుతోంది.

అందుకే వెతకడం మొదలుపెట్టింది. ఇంట్లో ఒక్క రికార్డింగు లేదు, ఫోన్లో మాట్లాడినవి ఎవరు దాచుకుంటారు, బతికున్న మనిషి గొంతు దాచుకోవాలని ఎవరికి తోస్తుంది. ఆస్పత్రిలో ఉంటుందిలే అనుకుంది, తను పనిచేసే చోటే కదా అని ధీమాగా, మాటల డాక్టరమ్మ దగ్గర అనుమతి కూడా తీసుకుంది. తీరా చూస్తే సర్వర్లో లేదు. పెళ్లికి ముందు పాత కంప్యూటరు తీసేసి కొత్తది పెట్టినప్పుడు పాత గొంతుల ఫోల్డరు ఇటు రాలేదు, ఆపరేషన్లు అయిపోయినవాళ్లవి కదా, ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు, పాత డిస్కులు తుక్కుకి పోయాయి. తాత టేపులో రోగుల వివరాలే ఉంటాయి, గొంతులు బరువని వాటిని శుక్రవారం టేపుల మీదే రాస్తారు. శుక్రవారం టేపులు ఒకటి నుంచి నాలుగు దాకా ప్రతినెలా చెరిపి మళ్లీ రాసేవే, కాబట్టి వాటిలో ఉన్నదంతా కొత్త కంప్యూటరు సరుకే. మిగిలింది ఐదోది. పాపం దాని వంతు ఎప్పుడో గానీ రాదు, నెలకి ఐదు శుక్రవారాలు పడ్డప్పుడే. మిగతావన్నీ తిరిగి తిరిగి రాయించుకుంటుంటే అది మాత్రం అలమరలో పాత కంప్యూటరు కాలంలోనే కూర్చుని ఉంటుంది. ఆ సంగతి తట్టినప్పుడు ఆమె బస్సులో ఉంది, పక్కసీటావిడ ఏమైందమ్మా అని అడిగేదాకా తను పైకే నవ్వుతోందని తెలియలేదు. ఇంటికి వెళ్లి చెబితే అతను ఆమె చేతిని తీసుకుని తన చెంపకి ఆనించుకున్నాడు, చెంప వేడిగా ఉంది. చెప్పకుండా ఉండాల్సింది. ముందు చూసుకుని, విని, అప్పుడు చెప్పాల్సింది. కానీ పెళ్లయిన కొత్తలో ఏ మాట కడుపులో ఆగుతుంది.

టేపు తిరుగుతోంది. కాసేపు ఈల, కాసేపు ఆగి వెనక్కి, మళ్లీ ఈల. ఏ ఈల దగ్గర ఉందో వదిన. వినగానే ఏం చేయాలి? ముందు తను వినాలా, అతన్ని పిలిచి ఇద్దరూ కలిసి వినాలా? అతని గొంతులోనే ఆవిడ గొంతు కొంచెం ఉండి ఉంటుంది, తోడబుట్టినవాళ్లు కదా, అతను కోపంలో మాట చివర కొరికినట్టు పలుకుతాడు, అది ఆవిడదేనేమో. ఎప్పుడూ వినని గొంతు కోసం ఇంత బెంగ పెట్టుకోవచ్చా మనిషి? తలుపు తెరుచుకుంది, ముందు రెండు కాగితపు కప్పులూ, వాటి వెనక టేపుల బాబాయీ లోపలికి వచ్చారు.

"ఇంకా తిరుగుతోందా? కొత్త పెళ్లికూతురు గడియారం వంక చూడాలి గానీ టేపు వంక చూస్తుందేంటమ్మా."

"లోపలి పేరు మూడని చూపిస్తోంది బాబాయ్. చీటీ ఐదు."

"ఓ, అదా." ఆయన టీ ఆమె చేతికిచ్చి, యంత్రం పక్కనున్న స్టూలు మీద తీరిగ్గా కూర్చున్నాడు. "అయితే ఇది దాని జోడీ. పాత అలమర సర్దినప్పుడు జిగురెండిపోయి చీటీలు కొన్ని ఊడిపడ్డాయి, ఎవరో మహానుభావుడు అటువి ఇటు అంటించాడు. నీ పెళ్లి రోజు మూడో శుక్రవారం కదా, అప్పుడు నాకు తగిలింది ఆ రెండోది. చీటీ మూడు, లోపల ఐదు. ఇది నేనడిగిన టేపు కాదు, పేరు మార్చి రాసెయ్యమంటావా అని యంత్రం మొరాయించి కూర్చుంది."

"మీరేం చేశారు?"

"నిన్నడుగుదామని ఫోన్ తీశాను. తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను. పెళ్లికూతురికి టేపు గురించి ఫోన్ చేసేవాణ్ని నన్నేమంటారు. మీ వాళ్లందరూ నన్ను తిట్టుకోరూ. నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు." ఆయన టీ ఊదుకుని తాగాడు. "సరే రాసెయ్ అని నొక్కేశాను. తర్వాత నీతో చెబుదామనుకుంటూనే మర్చిపోయాను. ఏం, ఇబ్బందేమన్నా అయిందా?"

ఆయన మొహంలోకి చూసింది. పెళ్లికి రాలేకపోయిన మనిషి, ఆమె సెలవు కోసం ఆ వారమంతా రెండు డ్యూటీలు చేసిన మనిషి, పెళ్లికి కానుకగా గోడగడియారం పంపితే అది వదిన మంచానికి ఎదురుగా వేలాడిన సంగతి తెలియని మనిషి. "లేదు బాబాయ్, మంచిపని చేశారు" అంది. టీలో పంచదార ఎక్కువైంది, ఆమె కోసమే వేయించి ఉంటాడు. "నీ మొహం అలా ఉందేంటి మరి" అన్నాడు. "ఏసీ ఎక్కువైంది" అంది. ఆయన లేచి ఏసీ తగ్గించి, కప్పులు తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు మూసేటప్పుడు కూడా, తొందరగా ఇంటికెళ్లు, అబ్బాయి ఎదురుచూస్తుంటాడు అన్నాడు.

ఆ శుక్రవారం, సాయంత్రం, అదే వేళ. ఏం చేస్తోంది తను? ఫోటోలవాడు ఇటు చూడండమ్మా, అటు చూడండమ్మా అంటున్నాడు, దీపాల వేడికి నుదుటి మీద చెమట, అతని చేయి తన చేయికి తగిలీ తగలకుండా ఉంది, ఎంత సంతోషంగా ఉందంటే కాళ్లు నేలకి ఆనుతున్నాయో లేదో చూసుకుంది. అప్పుడు వదిన జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, ఆమె గడ్డం పట్టుకుని, మొహం దగ్గరగా పెట్టి, ఏదో అంది. పెదాలు కదిలాయి. బల్ల లేదు, కొట్టడానికి ఏమీ లేదు, అందుకని మామూలు మనిషిలా పెదాలతోనే అంది, చాలా పెద్ద మాటే, ఒక వాక్యమంత. చుట్టూ హోరు. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అలాగే వదినా అని తల ఊపింది. వదిన తృప్తిగా వెళ్లిపోయింది. దేనికి ఊపిందో ఇప్పటికీ తెలియదు, తర్వాత అడుగుదామనుకుంది, బోలెడు కాలం ఉందనుకుంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ ఒక మంచి మనిషి జేబులో ఫోన్ పెట్టుకున్నాడు. ఎవర్ని ఏమనాలి? జిగురునా? ఆ శుక్రవారాన్నా? ఇంకో రోజు పెట్టుకోవాల్సింది పెళ్లి అని ఒక్క క్షణం అనుకుని, ఆ అనుకున్నందుకే భయపడిపోయి, లేదు లేదు అని లోపల్లోపల చెరుపుకుంది.

ఈల ఆగింది. తెర మీద పేర్లు కిందికి జారడం మొదలైంది, ఆమెకి ఇక చదవక్కర్లేదు, అయినా కిందిదాకా చదివింది. గొంతులున్నాయి, అన్నీ కొత్త కంప్యూటరు వచ్చాక మాట్లాడినవాళ్లవే, వదిన నంబరు లేదు. ఇది మూడే. అసలు ఐదు అదిగో, అలమర మొదటి వరసలో, మూడు అన్న చీటీ తగిలించుకుని నిలబడి ఉంది. కొత్త రాత ఆగిపోయిన చోటు తర్వాత పాతది కొంత మిగిలే ఉంటుందని ఆమెకి తెలుసు, టేపు అంతా నిండదు కదా. కానీ ఇక్కడితో అయిపోయింది అని రాసిన గుర్తు దగ్గరే యంత్రం ఆగిపోతుంది, దాన్ని దాటి ఒక్క అడుగు వేయదు. వదిన ఆ గుర్తుకి అవతల ఉందో, ఇవతల పడి చెరిగిపోయిందో చెప్పగలిగేవాళ్లు లేరు. ఏ టేపునైనా చదివించాక ఒక ఫైలు తెరిచి చూడాలి, వట్టి పేర్లు చూసి బాగుందనుకోకూడదు, అది నియమం. ఏదో ఒకటి, వేలికి తగిలింది తెరిచి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఎవరో ఒకావిడ. కిటికీ గురించీ వాన గురించీ చదువుతోంది, బళ్లో పాఠం అప్పచెప్పినట్టు, ఒక్కో మాట మీదా వేలు పెట్టుకున్నట్టు. వదిన చదివిందీ ఇవే నాలుగు వాక్యాలు, ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే. చదవడం అయ్యాక, మీ ఇంట్లోవాళ్లని పిలవండి అంది డాక్టరమ్మ గొంతు. ఆవిడ సిగ్గుపడింది. ఇక్కడెవరూ లేరు కదండీ అంది. ఉన్నారనుకోండి. చీర సర్దుకున్న చప్పుడు, ఊపిరి. ఆ తర్వాత అనుకోనంత గట్టిగా, ఆ మెత్తటి గోడలకి అవతల ఎవరో నిజంగానే ఆడుకుంటున్నట్టు, "ఒరే తమ్ముడూ, ఎంతసేపురా, రా" అంది. అని, తనే నవ్వేసింది. ఈ మనిషి కూడా ఇప్పుడు ఎక్కడో బల్ల మీద కొడుతూ ఉండి ఉంటుంది. ఆమె హెడ్‌ఫోన్లు తీసి చాలాసేపు ఒళ్లో పెట్టుకుంది. లేచి ఈ టేపు వీపున ఉన్న ఐదు గీకేసి మూడు అంటించింది, జాగ్రత్తగా, గోటితో అంచులు నొక్కి. డబ్బాలోంచి కొత్త టేపు తీసి, దానికి లోపలా బయటా శుక్ర-5 అని పేరు పెట్టి, సాయంత్రం పనికి యంత్రం ముందు ఉంచింది. రెండోదాన్ని, అసలు ఐదుని, అలమరలోంచి తీసి, చీటీ ఊడదీసి, మళ్లీ ఎవరూ రాయకుండా దాని మూలనున్న చిన్న మీట పక్కకి జరిపి, పై అరలో వెనక్కి పెట్టింది. దానికి ఏం పేరు రాయాలో తోచలేదు.

అతను స్కూటర్ల వరస చివర నిలబడి ఉన్నాడు. మెట్లు దిగుతున్న ఆమెని చూడగానే చేతిలో హెల్మెట్టు అటూ ఇటూ తిప్పడం ఆపేశాడు.  ఆమె దగ్గరికి వెళ్లి, "చెరిగిపోయింది" అంది.

"ఎప్పుడు?"

"ఈమధ్యే." పెళ్లి రోజన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ రోజు ఒక్కటైనా అతనికి చెక్కు చెదరకుండా ఉండనీ.

అతను తల ఊపాడు. స్కూటరు సీటు మీద లేని దుమ్ము తుడిచాడు. "మరి ఇంతసేపూ ఏం విన్నావు?"

"ఎవరో ఒకావిడ. తమ్ముణ్ని పిలుస్తోంది."

"ఏమని?"

చెప్పాలో వద్దో తెలియలేదు. ఆవిడ అన్నట్టుగానే, ఆ చివరి మాటని అలాగే పైకి లాగి, "ఒరే తమ్ముడూ, ఎంతసేపురా, రా" అంది.

"అలా కాదు" అన్నాడు అతను.

"ఏంటి?"

"అక్క అలా కాదు. రా దగ్గర పైకి తీశావు కదా, అక్క తీయదు." అనేసి తనే ఆగిపోయాడు, ఆ మాట ఇంకెవరో అన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు.

"మరెలా?"

నోరు తెరిచాడు. మూసేసుకున్నాడు. "తెలీదు. అలా మాత్రం కాదు."

ఆమె చుట్టూ చూసింది. డ్యూటీ దిగిన నర్సులు బస్సు కోసం వెళుతున్నారు, ఒక ముసలాయన మందుల సంచి పట్టుకుని ఆటో బేరమాడుతున్నాడు. ఆమె అతనికి ఇంకాస్త దగ్గరగా జరిగి, ఈసారి గొంతు తగ్గించి, చివర దించి పిలిచింది.

"కాదు. మరీ మెత్తగా ఉంది."

కొంచెం కటువుగా పిలిచింది, మాట చివర కొరికినట్టు.

"కాదు. ఒరే అని అంత తొందరగా వదలదు. అక్కడ కాస్త ఆగుతుంది." అతను కళ్లు మూసుకున్నాడు. హెల్మెట్టు పొట్టకి ఆనించి పట్టుకుని, చెరువు లోతు కాలితో తడుముతున్నవాడిలా తల వంచి నిలబడ్డాడు. "ఇంకోసారి."

ఆమె ఒరే దగ్గర ఆగింది. ఆగి, అతని గుబురు జుట్టు వంకా మూసుకున్న కళ్ల వంకా చూస్తూ, ఆ తల దువ్విన చేయి ఎలాంటిదో తలుచుకుంటూ, మెల్లిగా పిలిచింది. కళ్లకింద తడి కనిపిస్తున్నా అతను తుడుచుకోలేదు, నవ్వలేదు, కదల్లేదు. ఈసారి 'కాదు' అనడానికి అతనికి కాసేపు పట్టింది.